సంతకం ఎవరిదైనా సరే

మా పత్రికాఫీసు కింది అంతస్తులో, మెట్ల పక్కన, చిన్న ప్రకటనల కౌంటరు ఉండేది. అద్దానికి చెయ్యి పట్టేంత కన్నం, ఆ కన్నం వెనక ఆమె. ముప్పై ఒక్క ఏళ్ళు అదే కుర్చీ. కుర్చీ మీది రెక్సిన్ మూడుసార్లు మార్చారు గానీ ఆమెను మార్చలేదు. ఇల్లు అద్దెకు ఇవ్వబడును, కుక్కపిల్ల తప్పిపోయినది, పేరు మార్చుకున్నాను, మా నాన్నగారు కాలం చేశారు... ఊళ్ళోవాళ్ళ మంచీ చెడ్డా అంతా ఆ కన్నంలోంచే లోపలికి వచ్చేది.

ఆమెకొక పద్ధతి ఉండేది. ఎవరు ఏ ప్రకటన తెచ్చినా ఫారం అందుకోగానే ముద్ర వేసేది కాదు. కళ్ళజోడు పైకి తోసుకుని, రాసిందంతా మొదటి నుంచి చివరిదాకా పైకి చదివి వినిపించేది. చదవడం అయ్యాక, "సరిగ్గా ఉందా? ఏమైనా మార్చాలా?" అని అడిగేది. వచ్చినవాళ్ళు సరేనంటేనే "స్వీకరించబడినది" అనే ముద్ర పడేది. దీనివల్ల క్యూ ఎప్పుడూ వీధి తలుపు దాకా ఉండేది. "ఇదేమన్నా కోర్టు తీర్పా తల్లీ? పాత ఫ్రిజ్ అమ్ముకుంటున్నాను, అంతే" అని ఒకాయన విసుక్కున్నాడు. ఆమె నవ్వి, ఆ ఫ్రిజ్‌ని కూడా తీర్పులాగే చదివింది. అప్పుడు బయటపడింది, ఆయన తన ఫోన్ నంబరే తప్పు రాశాడని.

ఆఫీసులో అందరం ఆమెను చదువులక్క అనేవాళ్ళం. నేను ప్రూఫ్‌రీడర్ని. కౌంటరుకూ నా బల్లకూ మధ్య ఒక చెక్క తడిక మాత్రం అడ్డం. కాబట్టి ఆమె ముప్పై ఏళ్ళు చదివిందంతా విన్న శ్రోతను నేనొక్కణ్ణే. ఆమె నన్ను తప్పుల మాస్టారు అనేది. నా పని అదే కదా. అన్నం పెట్టినా అందులో తప్పులు వెతుకుతానని మా ఆవిడ ఫిర్యాదు.

చదువులక్క రిటైరైన రోజున ఆమె గురించి నాలుగు మాటలు రాయమన్నారు. "విశేష సేవలు", "చెరగని చిరునవ్వు" అని ఏవో రాసిచ్చాను. అబద్ధం కాదు. కానీ అందులో ఆమె ఎక్కడా లేదు. అప్పుడు రాయాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

తండ్రి పోయేనాటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు, తమ్ముడికి పదకొండు. ముందు ఓ కొట్టులో లెక్కలు రాసి, అయిదేళ్ళకు మా పత్రికలో చేరింది, తమ్ముణ్ణి చదివించింది. అతగాడు చదువు మానేసి స్టీరింగు పట్టుకున్నాడు. స్కూలు బస్సు డ్రైవరయ్యాడు. తన పెళ్ళి సంగతి ఆమె ఎప్పుడు మరిచిపోయిందో ఆమెకే తెలియదు. గుర్తుచేయాల్సిన తల్లికి కూతురి జీతం మీద ఇల్లు నడవడం అలవాటైపోయింది.

స్కూలు బస్సు నడిపేవాళ్ళకు ఏడాదికోసారి కళ్ళ పరీక్ష తప్పదు. ఆ పరీక్షకు వెళ్ళిన చోట, కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే ఆయనతో తమ్ముడికి పరిచయమైంది. ఏడాది తిరిగి మళ్ళీ పరీక్ష వచ్చేలోపే, ఆ షాపు మీదున్న రెండు గదుల్లోకి మకాం మార్చేశాడు. స్నేహితుడితో కలిసి ఉంటున్నాడని తల్లి మొదట్లో అందరికీ చెప్పుకుంది. తర్వాత అది ఎలాంటి స్నేహమో కొడుకే ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు. దాచిపెట్టి బతకడం అతనికి చేతకాదు. ఆ రోజు నుంచి తల్లి నోట కొడుకు మాట రాలేదు. కొత్తవాళ్ళెవరైనా అడిగితే "నాకు కూతురొక్కతే" అనేది.

చదువులక్క మాత్రం ప్రతి ఆదివారం కూరగాయలకని సంచి పట్టుకుని బయల్దేరి, ఆ రెండు గదులకు వెళ్ళేది. పదకొండేళ్ళు వెళ్ళింది. సోమవారం పొద్దున తడిక పక్కన నిలబడి నాకు కబుర్లు చెప్పేది.

"వాళ్ళిద్దరూ దేనికి పోట్లాడుకుంటారో తెలుసా మాస్టారూ? దుప్పటి ఎలా మడత పెట్టాలని. మొగుడూ పెళ్ళాలు నయం."

"మరి గెలిచేదెవరు?"

"మావాడే. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. తర్వాత మావాడు నిద్రపోయాక ఆయన లేచి, తన పద్ధతిలో మళ్ళీ మడత పెట్టుకుంటాడట."

ఆ నవ్వు తడికకు ఇవతల మాత్రమే. ఇంటికెళ్ళాక తల్లి ముందు తమ్ముడి ఊసెత్తేది కాదు. పిరికిదా అంటే పిరికిదే. నేను మాత్రం ఏం పులిని కాను. ఇదంతా తెలిసీ, ఆఫీసులో ఎవరైనా ఇలాంటి మనుషుల మీద జోకులేస్తే నేనూ అందరితో కలిసి పళ్ళికిలించినవాణ్ణే.

తమ్ముడికి ముప్పై తొమ్మిదో ఏట కిడ్నీలు పాడయ్యాయి. నలభై రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. మంచం పక్కన ఉండి ఒళ్ళు తుడిచింది, తిండి పెట్టింది, డాక్టర్ల చుట్టూ తిరిగింది కళ్ళజోళ్ళాయన. చావు దగ్గరపడుతోందని తెలిశాక తల్లి కూడా రావడం మొదలుపెట్టింది. ఆమె గదిలోకి రాగానే ఆయన ఎవరూ చెప్పకుండానే లేచి వరండాలోకి వెళ్ళిపోయేవాడు.

ఆఖరి రోజు మధ్యాహ్నం తల్లి మంచం పక్కనే కూర్చుని ఉంది. తమ్ముడు అక్క చెయ్యి పట్టుకుని, "అక్కా, ఆయన్ని లోపలికి రమ్మనవే" అన్నాడు. ఆమె తలుపు దాకా వెళ్ళింది. వరండాలో ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆయన, ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. ఆమె వెనక్కి తిరిగి తల్లిని చూసింది. తల్లి గోడ వైపు చూస్తోంది. "అమ్మ వెళ్ళాక రండి. ఇంకో అరగంట, అంతే" అని ఆయనతో చెప్పి, తలుపు దగ్గరగా వేసింది. తమ్ముడు మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ "వస్తున్నాడురా" అంది. ఆ అరగంట పూర్తి కాలేదు.

ఇది ఆమె నాతో చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది. చెప్పి, "అరగంట అన్నాను మాస్టారూ, నేనే అన్నాను" అని బల్ల అంచు పట్టుకుని ఏడ్చింది. మాటల మీద బతికేవాణ్ణి, నీళ్ళ గ్లాసు తెచ్చి ఆమె ముందు పెట్టాను.

తమ్ముడు చనిపోయినప్పుడు మా పత్రికలో అతని మరణ ప్రకటన వచ్చింది. తల్లి చెప్పగా చదువులక్క రాసింది. పేరు, వయసు, తేదీ, "దుఃఖిస్తున్న కుటుంబ సభ్యులు". ఫోటో వద్దంది తల్లి.

ఏడాది తిరిగింది. ఆ తేదీకి రెండు రోజుల ముందు కళ్ళజోళ్ళాయన కౌంటరు దగ్గర క్యూలో నిలబడ్డాడు. చేతిలో స్మృత్యంజలి ఫారం. అందులో "బంధుత్వం" అనే గడి ఖాళీగా ఉంది.

మా నిబంధనల ఫైల్లో నాలుగోది ఏమిటంటే, స్మృత్యంజలి మీద రక్తసంబంధం గలవాళ్ళో, పెళ్ళితో కలిసినవాళ్ళో సంతకం చేయాలి. దానికో కారణం ఉంది. పూర్వం ఎవరో కోపిష్టి, నిక్షేపంగా బతికున్న తన పై అధికారికి ఫోటోతో సహా శ్రద్ధాంజలి వేయించాడు. ఆ అధికారి మర్నాడు మా ఆఫీసుకొచ్చి, తాను చచ్చిపోలేదని అరిచి మరీ నిరూపించుకున్నాడు. అప్పటి నుంచి ఆ నిబంధన.

"చనిపోయినవారు మీకేమవుతారండీ?" అని చదువులక్క అడిగింది. అడగాలి, అది ఆమె ఉద్యోగం.

"ఏమీ కారు మేడం" అన్నాడాయన.

ఆదివారం పూట ఆయన ఆమెను అక్కయ్యా అనేవాడు. ఆమె ఫారం చదవకుండానే తిరిగిచ్చేసింది. నాకు తెలిసి ఆమె చదవకుండా తిరిగిచ్చిన ప్రకటన అదొక్కటే.

సంతకం ఎవరు పెట్టాలి? రక్తసంబంధం గలవాళ్ళు. ఆ రక్తసంబంధం అద్దానికి ఇవతల, చేతిలో పెన్నుతో కూర్చునే ఉంది. కానీ ఇంట్లో తల్లి పొద్దున్నే భూతద్దం పెట్టుకుని అన్నింటికంటే ముందు చూసేది ఆ కాలమే. పోయినవాళ్ళ పేర్లన్నీ ఒక్కొక్కటే చూసి, "మనవాళ్ళెవరూ లేరు" అని పేపరు మడిచాకే కాఫీ తాగేది. ఆ భూతద్దానికి చదువులక్క భయపడింది.

ఆయన మరుసటి ఏడు కూడా వచ్చాడు. ఆ మరుసటి ఏడు కూడా. కాదంటారని తెలిసీ రెండు రోజుల ముందే వచ్చి, క్యూలో తన వంతు వచ్చేదాకా ఆగి, అదే ప్రశ్నకు అదే జవాబు చెప్పి, ఫారం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయేవాడు. నాలుగో ఏడు ఫారం తిరిగిస్తున్నప్పుడు ఆమె కళ్ళజోడు ముక్కు మీదకు జారింది. "ఒకసారి ఇటివ్వండి మేడం" అని ఆయన కన్నంలోంచి చెయ్యి చాపాడు. జేబులోంచి అగ్గిపుల్లంత స్క్రూడ్రైవరు తీసి, పక్క స్క్రూ బిగించి, అద్దాలు చొక్కా అంచుతో తుడిచి ఇచ్చాడు. వెనకున్నవాళ్ళు తొందరపెడుతున్నారు. ఆమె ఆ రోజు మధ్యాహ్నం తిండి తినలేదు.

అలా ఏడేళ్ళు. ఏడేళ్ళూ తడిక వెనక నేను విన్నాను.

ఎనిమిదో ఏడు, ఆ తేదీ ఇంకా నెలరోజులుందనగా, ఒక మందిరం తరఫున ఇద్దరు మనుషులు పేజీ ప్రకటన పట్టుకొచ్చారు. పేజీ ప్రకటనల బేరం పైన మేనేజరు చూసుకుంటాడు. అయితే ఫోటోలుంటే, వాటి అనుమతి పత్రాలు సరిచూసే పని కౌంటరుదే. ఇద్దరూ మర్యాదస్తులే. ఒకాయన నడివయసువాడు, మాటకారి. రెండోవాడు కుర్రతనం ఇంకా పోని మనిషి, ఫైలు గుండెకు హత్తుకుని నిలబడ్డాడు.

చదువులక్క పద్ధతి ప్రకారం చదవడం మొదలుపెట్టింది. "మారవచ్చు. మేము మారాము. మగవాడు మగవాడితో, ఆడది ఆడదానితో బతకాలనుకోవడం మనసుకు పట్టిన రోగం. భక్తితో నయమవుతుంది. రండి." కింద మూడు వరసల్లో పన్నెండు ఫోటోలు, ఒక్కో ఫోటో కింద ఒక్కో వాక్యం. ఆమె గొంతు ఎప్పటిలాగే సాగుతోంది. మొదటి వరస అయింది. రెండో వరసలో రెండు ఫోటోలయ్యాయి. మూడో దాని దగ్గర గొంతు ఆగిపోయింది.

నేను తల తిప్పి తడిక సందులోంచి చూశాను. డ్రైవరు యూనిఫారంలో నవ్వుతున్న తమ్ముడు. ఇద్దరు కలిసి దిగిన ఫోటోను సగానికి కత్తిరించారు. పక్కన ఒక భుజం మాత్రం మిగిలిపోయింది. కింద ఇలా ఉంది: "చివరి రోజుల్లో తన తప్పు తెలుసుకున్నాడు. తల్లి ఒడిలో శాంతిగా కన్నుమూశాడు."

అనుమతి పత్రం మీద తల్లి సంతకం ఉంది. ఏటా పెన్షన్ కాగితాల మీద చదువులక్క దగ్గరుండి పెట్టించే ఆ వంకర సంతకమే. పత్రాలన్నీ సక్రమం. బంధుత్వం గడిలో "తల్లి" అని స్పష్టంగా రాసి ఉంది.

"సరిగ్గా ఉందా మేడం?" అని ఈసారి వాళ్ళే అడిగారు.

"పైవాళ్ళు చూడాలి. రెండు రోజులాగి రండి" అందామె.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగింది ఆమె చెప్పినట్టే చెప్తున్నాను.

"వాడి ఫోటో వాళ్ళకెందుకిచ్చావమ్మా?"

తల్లి తడుముకోలేదు. "నా కొడుకు ఫోటో పేపర్లో చూసుకోవద్దా నేను? అందరూ వాళ్ళ పిల్లల ఫోటోలు వేసుకుంటున్నారు. నేనేమని వేసుకోనే? మారాడని ఒక్క ముక్క రాస్తే, ఇదిగో వీడు నా కొడుకని నలుగురికీ చూపించుకోవచ్చు. లేకపోతే ఎలా చూపించుకునేది?"

"వాడు మారలేదు. నువ్వక్కడే ఉన్నావు. వాడు ఎవర్ని రమ్మన్నాడో నువ్వూ విన్నావు."

"నాకేం వినబడలేదు. నాకు చెవుడు."

ఆమెకు చెవుడు లేదు. పక్కింట్లో చెంచా కింద పడితే, అది మనింట్లోదా అని అడిగే మనిషి. తల్లి మీద కోపంతో వెళ్ళిన చదువులక్కకు, తల్లి కూడా ఎనిమిదేళ్ళుగా ఆ ఫోటో కోసమే కాచుకుని ఉందని అప్పుడే తెలిసింది.

మర్నాడు ఆమె పై అంతస్తుకు వెళ్ళింది. ఎడిటరు, మేనేజరు, నేను ఉన్నాం. మేనేజరు ఫోన్లో అప్పటికే వేరే పత్రికలవాళ్ళను కనుక్కున్నాడు. ఇద్దరు వద్దన్నారట, ఒకరు వేస్తామన్నారట. "మందిరం వాళ్ళ ఇళ్ళల్లో మన పేపరు వెయ్యి కాపీలు పడుతోంది సార్, ఆలోచించండి" అంటున్నాడు. ఎడిటరుకు ఆ ప్రకటన నచ్చలేదు, కానీ వద్దనడానికి నోరు రావడం లేదు.

"రెండో వరసలో మూడో ఫోటో మా తమ్ముడిది" అంది చదువులక్క. "వాడు తప్పు తెలుసుకోలేదు. తెలుసుకోవడానికి తప్పేమీ లేదు. పోయేటప్పుడు వాడు తనవాణ్ణి పిలవమని మూడుసార్లు అడిగాడు. నేను పిలవలేదు. ఆ ప్రకటనలో నిజమైన ముక్క వాడి ఫోటో ఒక్కటే."

ముప్పై ఏళ్ళుగా ఇతరుల మాటలు చదివిన మనిషి తన మాట చెప్పడం అదే మొదటిసారి. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోవడానికి కాగితం మీదకు వంగాను.

"వెయ్యం" అన్నాడు ఎడిటరు.

"సరే, వెయ్యం. కారణం ఏం చెప్పాలి?" అన్నాడు మేనేజరు. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు, అదీ ఆయన బాధ. "మందిరం మీద కక్ష అనిపించుకోకూడదు. అటు మాటా వద్దు, ఇటు మాటా వద్దు అని ఒక నిబంధన పెట్టేద్దాం. మాస్టారూ, మీరు రాయండి."

కిందకొచ్చి కాగితం తీశాను. చదువులక్క తడిక దగ్గర నిలబడింది. "సందు లేకుండా రాయండి మాస్టారూ. పేజీ కాదంటే చిన్న ప్రకటన తెస్తారు. అమ్మ సంతకం ఉంది కదా అంటారు. ఎటునుంచీ దూరకుండా రాయండి."

నాకు సందు లేకుండా రాయడం వచ్చు. ఉన్న విద్య అదొక్కటే. నాలుగుసార్లు దిద్ది రాశాను. "లైంగిక స్వభావాన్ని గురించి ఏ పక్షం మాటనైనా నేరుగా గానీ, సూచనగా గానీ తెలిపే ప్రకటనను, పెద్దదైనా చిన్నదైనా, స్వీకరించరాదు. మరణించినవారి పేరుతో వచ్చినా, కుటుంబ సభ్యులు కోరినా, సంతకం ఎవరిదైనా సరే, ఇది వర్తిస్తుంది."

ఆమె అలవాటు కొద్దీ పైకి చదివింది. "సరిగ్గా ఉందా? ఏమైనా మార్చాలా?" అని ఆమె ప్రశ్న నేనడిగాను. "సరిగ్గా ఉంది" అంది. మేనేజరు సంతకం చేశాడు. ఎడిటరు సంతకం చేశాడు. ఇద్దరం ఎంత పెద్ద పని చేశామో అన్నట్టు ఆ సాయంత్రం క్యాంటీన్లో టీ కూడా తాగాం.

తిరస్కరణ ఉత్తరం తీసుకోవడానికి ఆ కుర్రతనం పోని మనిషి ఒక్కడే వచ్చాడు. నిలబడే చదువుకున్నాడు. "అయితే ఫోటోలు రావన్నమాట" అన్నాడు. అప్పుడు గుర్తుపట్టాం, మూడో వరసలో చివరి ఫోటో అతనిదే. అతని మొహంలో కోపం లేదు. మెడ దగ్గర బొత్తాం ఒకటి విప్పుకుని, ఫైలు చంకలో పెట్టుకుని, వచ్చినప్పటికంటే నెమ్మదిగా వెళ్ళాడు.

ఆ ఆదివారం చదువులక్క సంచి లేకుండానే బయల్దేరి, కళ్ళజోళ్ళ షాపుకు వెళ్ళింది. ఎనిమిదేళ్ళ తర్వాత. "ఈసారి ఫారం తీసుకురండి. సంతకం నేను పెడతాను" అని చెప్పింది.

"ఇంట్లో చెప్పారా?" అని సోమవారం నేనడిగాను.

"పొద్దున్నే పేపర్లో చూస్తుంది కదా" అంది. ఆ గొంతులో భయం లేదు. ముప్పై ఏళ్ళలో ఆమె అంత తేలిగ్గా కూర్చోవడం నేను చూడలేదు.

ఆ తేదీకి రెండు రోజుల ముందు ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కొత్తగా కత్తిరించుకున్న జుట్టు. ఆమె ఫారం అందుకుని, బంధుత్వం గడిలో "అక్క" అని రాసి, కింద సంతకం చేసింది. చదవబోయి ఆగింది. "ఒక్క నిమిషం. ఇప్పుడు శ్రద్ధాంజలి ప్రకటనలకు మేనేజరుగారి సంతకం కూడా కావాలి. చేయించుకొచ్చి చదువుతాను" అని పైకి వెళ్ళింది. కొత్త నిబంధన వచ్చాక మేనేజరు పెట్టిన పద్ధతి అది.

పది నిమిషాల తర్వాత నన్ను పైకి పిలిచారు.

మేనేజరు ముందు ఫారం ఉంది. ఆయన దుర్మార్గుడు కాదు. అది కూడా చెప్పాలి. "అమ్మా, మీ బాధ నాకర్థమైంది. కానీ రేపు మందిరం వాళ్ళు వచ్చి, మాది కాదన్నారు, ఇదెలా వేశారు, అక్కడ తల్లి సంతకం చెల్లలేదు, ఇక్కడ అక్క సంతకం ఎలా చెల్లిందని అడిగితే నేనేం చెప్పాలి?" అని నా వైపు తిరిగాడు. "రాసింది మీరే కదా మాస్టారూ. మీరే చెప్పండి. ఇది దాని కిందికి వస్తుందా, రాదా?"

ఫారం తీసుకుని చదివాను. నా నిబంధన కూడా మళ్ళీ చదివాను. సందు కోసం వెతికాను. సూచనగా గానీ. చిన్నదైనా. కుటుంబ సభ్యులు కోరినా. సంతకం ఎవరిదైనా సరే. మేమే దగ్గరుండి మూసిన సందులన్నీ మూసినట్టే ఉన్నాయి. చదువులక్క నన్నే చూస్తోంది. రాదు అని ఒక్క మాట అంటే మేనేజరు నమ్మేవాడు. ఆ ఆఫీసులో మాటకు అర్థం చెప్పాల్సింది నేనే.

"వస్తుంది సార్" అన్నాను.

ఉద్యోగ భయం కాదు. నేను రాసినదానికి తప్పుడు అర్థం చెప్పడానికి నా నోరు తిరగలేదు. ఛీ, నా నోరు. మాట తప్పు కాకూడదని చూశాను గానీ, మనిషి ఏమవుతాడో చూడలేదు.

"ఒక పని చేద్దాం" అన్నాడు మేనేజరు. "ఆ వాక్యాలు తీసేసి, శ్రద్ధాంజలి, కుటుంబ సభ్యులు అని వేద్దాం. ఎవరూ ఏమీ అనరు."

ఆమె కిందకు వచ్చింది. నేను వెనకే వచ్చాను. కౌంటరు ముందు ఆయన అద్దంలో చూసుకుని జుట్టు సర్దుకుంటున్నాడు. ఆమె జరిగింది చెప్పింది. మేనేజరు చెప్పిన మార్గమూ చెప్పింది.

"వద్దండీ. అలాంటిది అప్పుడే ఒకటి వేశారు కదా" అన్నాడాయన. అని, ఏటా చేసేటట్టే ఫారం కోసం కన్నంలోంచి చెయ్యి చాపాడు.

ఆమె ఇవ్వలేదు. కుర్చీలోంచి లేచి నిలబడింది. కళ్ళజోడు పైకి తోసుకుని, క్యూ అంతటికీ వినబడేలా చదవడం మొదలుపెట్టింది. తమ్ముడి పేరు చదివింది. తేదీ చదివింది. "ఎనిమిదేళ్ళయింది. పొద్దున బస్సు హారన్ వినబడితే ఇప్పటికీ కిటికీ దగ్గరికి వెళ్తున్నాను. దుప్పటి నీ పద్ధతిలోనే మడత పెడుతున్నాను. ఇట్లు, ఇంట్లో నీతో ఉన్నవాడు." ఆపై కిందున్నదీ చదివింది. "బంధుత్వం, అక్క."

క్యూలో ఎవరూ తొందరపెట్టలేదు.

"సరిగ్గా ఉందా? ఏమైనా మార్చాలా?"

"సరిగ్గానే ఉంది అక్కయ్యా" అన్నాడాయన.

ఆమె కూర్చుని, "తిరస్కరించబడినది" అనే ముద్ర తీసి, ఫారం మీద వేసి, కన్నంలోంచి అందించింది. ఆయన మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. వెనకున్నావిడ ఇల్లు అద్దెకిచ్చే ప్రకటన ముందుకు జరిపింది. చదువులక్క దాన్నీ పూర్తిగా చదివింది, మూడు గదులు, నీటి వసతి కలదు అనేదాకా.

ఆ తేదీ కాలమ్ ప్రూఫ్ నేనే చూశాను. ఒక్క తప్పు కూడా లేదు.

ఆ రోజు పొద్దున తల్లి ఎప్పటిలాగే భూతద్దం తీసిందట. ఎప్పటికంటే ఎక్కువసేపు చూసిందట, పైనుంచి కిందకి, మళ్ళీ కిందనుంచి పైకి. చదువులక్క గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. చివరికి ఆవిడ పేపరు మడిచి, "మనవాళ్ళెవరూ లేరు" అందట.